వయొలిన్ వచ్చాక రెండో వాద్యం: వీణా, మాండలినా, గిటారా?

నేను వయొలిన్ పట్టుకుంది ముప్ఫై నాలుగో ఏట. ఆఫీసు, వంట, పిల్లాడి హోంవర్కు అన్నీ అయ్యాక రాత్రి ఎనిమిదిన్నరకి పెట్టె తెరిచేదాన్ని. ఏడేళ్ళు గడిచేసరికి నాలుగైదు వర్ణాలు (సాధనకి మొదట నేర్పే రచనలు) రెండు కాలాల్లోనూ, అంటే రెండు వేగాల్లోనూ, ఓ పాతిక కృతులు తడబడకుండానూ వాయించే స్థితికి వచ్చాను. అప్పుడు పట్టుకుంది, ఇంకో తీగ వాద్యం కూడా నేర్చుకోవాలన్న కోరిక. ఏది తీసుకోవాలో తేలక ఆరు నెలలపాటు తెలిసినవాళ్ళ ఇళ్ళకీ, షాపులకీ తిరిగాను. మాండలిన్, గిటారు, వియోలా, సితార్, వీణ అన్నీ ఒళ్ళో పెట్టుకుని చూశాను. చివరికి వీణ తెచ్చుకున్నాను. ఇప్పటికి నాలుగేళ్ళు. ఆ తిరుగుడులో తెలిసిన సంగతులు, తర్వాత వేళ్ళు కాయలు కాసి తెలిసిన సంగతులు, నాలాగే నలభై దగ్గర పడ్డాక రెండో వాద్యం గురించి ఆలోచిస్తున్నవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి చెప్పాలి. రెండో వాద్యానికి వెళ్ళినప్పుడు చెవి మనతో వస్తుంది, చెయ్యి రాదు. మొదటి వాద్యం దగ్గర రెండూ కలిసి పెరిగాయి. అపస్వరం పలికినా అప్పటికి చెవికి అంతగా తెలిసేది కాదు కాబట్టి నెట్టుకొచ్చేశాం. రెండోసారి చెవికి ఏడేళ్ళు, చేతికి ఏడు రోజులు. వీణ మీద మొదటి నెల సరళీ స్వరాలు వాయిస్తుంటే నా చేతిలోంచి వచ్చే ఆ మోత నాకే భరించరానట్టు ఉండేది. నాకు తెలిసినవాళ్ళలో ఇద్దరు సరిగ్గా ఈ దశలోనే మానేశారు. ఇద్దరూ మంచి వయొలిన్ విద్యార్థులు. అంత బాగా వినగలగడమే వాళ్ళకి అడ్డమైంది.

అందుకని ఏ వాద్యాన్ని చూసినా నేను రెండు ప్రశ్నలు వేసుకున్నాను. ఈ చెయ్యి ఎన్నాళ్ళకి ఆ చెవిని అందుకుంటుంది? అందుకున్నాక చెవికి కొత్తగా ఏం దొరుకుతుంది?

ఇంకా తొందరపడకూడనివాళ్ళు

మీ వయొలిన్‌ని మీరే శ్రుతి చేసుకోలేకపోతే ఇంకో ఏడాది ఆగండి. శ్రుతి పెట్టె ఒక్కటి పెట్టుకుని, ఫోన్‌లో ట్యూనర్ చూడకుండా నాలుగు తీగలూ కలపగలగాలి. వీణకి ఏడు తీగలు. సితార్‌కైతే అడుగున ఉండే తరఫ్ తీగలతో కలిపి ఇంచుమించు పద్ధెనిమిది నుంచి ఇరవై. శ్రుతి కలపడానికే అరగంట పోతే వాయించేది ఎప్పుడు?

వయొలిన్ కమాను (బో) వణుకుతోందనీ, పై కాలం రావడం లేదనీ విసుగొచ్చి ఇంకో వాద్యం వైపు చూస్తున్నా కాస్త ఆగమనే అంటాను. ఆ విసుగు అక్కడా వస్తుంది, ఆరో నెలలో. మొదటి వాద్యంలో మీకంటూ ఒక చిన్న కచేరీ ఉండాలి. ఒక వర్ణం, రెండు కృతులు, ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే టెన్షన్ పడకుండా వాయించేంత. అది ఉంటే రెండో వాద్యం మీద చెయ్యి ఎంత తప్పుతున్నా మనసు కుంగదు. ఆ రాత్రికి వయొలిన్ తీసి ఒక కృతి వాయించుకుని నిద్రపోవచ్చు.

మాండలిన్

వయొలిన్ చేతికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం మాండలిన్. పాశ్చాత్య పద్ధతిలో రెండింటికీ ఒకటే శ్రుతి, జి-డి-ఎ-ఇ. మనవాళ్ళు వయొలిన్‌ని సపసప (షడ్జమం, పంచమం, మళ్ళీ ఆ రెండే) కలుపుకున్నట్టే దీన్నీ కలుపుకోవచ్చు. మోగే తీగ పొడవులో తేడా అంగుళానికి అటూ ఇటూ మాత్రమే, కాబట్టి వేళ్ళ మధ్య ఎడం దాదాపు అలవాటైనదే. కమాను గొడవ లేదు. వేలుంచాల్సిన చోట మెట్లు (ఫ్రెట్లు) ఉన్నాయి కనక స్వరస్థానం తప్పదు. ఒక స్నేహితురాలి ఇంట్లో మాండలిన్ చేతికిస్తే మొదటి గంటలోనే మోహన రాగంలో ఒక గీతం వాయించేశాను. చెయ్యి త్వరగా చెవిని అందుకోవాలంటే ఇంతకు మించింది లేదు.

చిక్కు గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపి పలికించే దగ్గర, వస్తుంది. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. ఒక స్వరాన్ని ఊపాలంటే రెండు బిగువైన తీగల్ని కలిపి లాగాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఆ జంటల్ని వదిలేసి, ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. 2014లో, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. ఆయన వాయించిన తీరు విని మనసుపడి మాండలిన్ కొనేవాళ్ళు చాలామంది షాపులో వేలాడే ఎనిమిది తీగలది తెచ్చుకుంటారు, గమకాలతో నిండిన తోడి రాగం వాయించబోయి నీరసపడతారు. మీ దారి కృతులూ రాగాలూ అయితే ఒంటి తీగలదే వెతకండి. దాంతోపాటు చిన్న స్పీకరు కూడా కొనాల్సి వస్తుంది, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. సినిమా పాటలు, జానపదాలు చాలనుకుంటే ఎనిమిది తీగల గలగలే ఇంపుగా ఉంటుంది.

నేనెందుకు తీసుకోలేదంటే, మొదటి గంటలోనే గీతం వచ్చేసిందని. రెండో ప్రశ్నకి నాకు అక్కడ సరైన జవాబు దొరకలేదు. కానీ రోజుకి ఇరవై నిమిషాలకి మించి దొరకనివాళ్ళకి, మెడ నొప్పో భుజం నొప్పో వచ్చి కమాను తగ్గించుకోవాల్సిన వాళ్ళకి నేను మాండలినే చెప్తాను.

వియోలా గురించి రెండు మాటలు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు వియోలా కూడా వాయించేవారు. ఆ మంద్రం వింటే కొనేయాలనిపిస్తుంది. వయొలిన్ ఒళ్ళు 14 అంగుళాలైతే దీనిది 15 నుంచి పదహారున్నర దాకా ఉంటుంది. కమాను బరువు, తీగలు లావు. అయితే విద్య అదే. దాన్ని రెండో వాద్యం అనడంకన్నా అదే వాద్యానికి ఇంకో గొంతు అనడం సబబు. వయొలిన్ బాగా కుదిరాక ఎప్పుడైనా తీసుకోవచ్చు, దానికోసం వేరే నిర్ణయం అక్కర్లేదు.

గిటారు

గిటారుని కర్ణాటక సంగీతం వాళ్ళు చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. వయొలిన్ ఎన్నేళ్ళు వాయించినా దొరకనిది ఒకటి అక్కడ మొదటి వారంలోనే దొరుకుతుంది. అది కార్డ్. మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగి, వాటి మీద మన గొంతు నిలబడటం. మన సంగీతమంతా ఒక్క గీత వెంట నడుస్తుంది. ఆ గీత కింద నేలలాగా ఇంకేదో పరుచుకుని ఉండటం ఎలా ఉంటుందో మా అబ్బాయి గిటారు తీసుకుని మూడు కార్డ్‌లు వాయించిన రోజే నాకు తెలిసింది. ఇళయరాజా గారి పాటల్లో గిటారు ఎక్కడ ఏం చేస్తోందో అప్పటిదాకా నా చెవికి ఆనలేదు.

పైగా పాడుతూ వాయించుకోవచ్చు. ఇంట్లో పదిమంది చేరినప్పుడు వయొలిన్ తీస్తే అందరూ నోరు మూసుకుని వింటారు, గిటారు తీస్తే అందరూ నోరు విప్పి పాడతారు. మీకు కావాల్సింది రెండోదైతే ఇక చదవడం ఆపి గిటారు కొనుక్కోండి. నేర్పేవాళ్ళు ప్రతి పేటలోనూ ఉన్నారు, తీగ తెగితే ఏ షాపులోనైనా దొరుకుతుంది, చవకలో కూడా పనికొచ్చే వాద్యం వస్తుంది.

వయొలిన్ చెయ్యి మాత్రం ఇక్కడ కొంత మోసపోతుంది. వయొలిన్ తీగలు ఒకదానికొకటి పంచమం దూరంలో ఉంటాయి, గిటారువి ఎక్కువగా మధ్యమం దూరంలో. వేలు అలవాటు చొప్పున వెళ్ళిన చోట వేరే స్వరం పలుకుతుంది. మెడ వెడల్పు, ఆరు తీగలు, చిటికెన వేలికి ఎప్పుడూ లేని పని. ఉక్కు తీగలది మొదటి నెల వేళ్ళని నొప్పిపెడుతుంది. నలభై దాటిన చేతులకి నైలాన్ తీగలున్న క్లాసికల్ గిటారు మెత్తగా ఉంటుంది. అదీ పెద్దదనిపిస్తే నాలుగు నైలాన్ తీగల ఉకులేలే ఉంది. కార్డ్‌ల రుచి తెలియడానికి అది చాలు.

గిటారు మీద గమకాలు వాయించి కచేరీలు చేసే విద్వాంసులు లేకపోలేదు. కానీ అది ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చున్నవాళ్ళ పని. రోజుకి అరగంట ఇచ్చే మనం గిటారుని గిటారు సంగీతం కోసమే తీసుకోవడం మంచిది.

సితార్ హిందుస్తానీ వైపు వెళ్ళాలన్న కోరిక ఉంటేనే. అప్పుడు వాద్యంతోపాటు రాగాల పేర్లూ, తాళాలూ, పద్ధతీ అన్నీ కొత్తవి. చిత్రవీణకి (గోటువాద్యం అంటే పెద్దవాళ్ళకి బాగా తెలుస్తుంది) మెట్లు లేవు. నున్నటి కట్టెముక్కని తీగల మీద జరుపుతూ వాయిస్తారు. వయొలిన్ చెవికి అంతకన్నా ప్రియమైన ధ్వని ఉండదు. మీ ఊళ్ళో నేర్పేవాళ్ళు దొరికితే అదృష్టమే, నాకు దొరకలేదు.

వీణ

మా వీణ టీచరు గారు మొదటి రోజు నా ఎడమ చెయ్యి చూసి, చూపుడు వేలు మధ్య వేలు పక్కపక్కన చేర్చి, "ఇక మీదట ఈ రెండూ కవలలమ్మా, విడదీయకు" అన్నారు. వయొలిన్ మీద నాలుగు వేళ్ళకీ పని ఉండేది. వీణలో ప్రధానంగా ఈ రెండే. కుడి చేతి చూపుడు, మధ్య వేళ్ళు మీటుతాయి, చిటికెన వేలు పక్కనున్న మూడు తాళం తీగల్ని కింద నుంచి పైకి తడుతుంది. ఆ చిటికెన వేలు నన్ను రెండు నెలలు ఏడిపించింది. మీటు మీద దృష్టి పెడితే తాళం ఎగిరిపోతుంది, తాళం చూసుకుంటే మీటు తప్పుతుంది.

తీగల వరసలో కూడా ఒక మడతపేచీ ఉంది. రెండింటిలోనూ సపసపలే, కానీ వయొలిన్‌లో మొదటి తీగ పంచమం, వీణలో మొదటి తీగ షడ్జమం. దాని తర్వాత పంచమ, మంద్ర, అనుమంద్ర. నా చెయ్యి ఆరు నెలలపాటు మొదటి తీగ అనగానే పంచమం ఆశించింది. ఇదంతా మొదటి ప్రశ్నకి వీణ ఇచ్చే జవాబు. ఏడాది పడుతుంది, ఇంకా పట్టినా ఆశ్చర్యం లేదు.

రెండో ప్రశ్న దగ్గరే వీణ మిగతావాటిని దాటిపోతుంది. వయొలిన్ మీద నేను గమకం అనుకున్నది చాలావరకు వేలు ఊపడమేనని వీణ వల్ల తెలిసింది. వీణలో మెట్టు మీద వేలుంచి తీగని పక్కకి లాగితే పై స్వరం పలుకుతుంది. ఇంకాస్త లాగితే దాని పై స్వరం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు లాగాలి, ఎంతసేపు నిలపాలి, ఎలా వదలాలి, అన్నీ ముందే తెలిసి ఉండాలి. తీగ బిగువు వేలికి లెక్క చెప్తుంది. తోడి గాంధారం కోసం రిషభం మెట్టు మీద కూర్చుని మూడు వారాలు ఆ ఒక్క స్వరమే లాగాను. టీచరు గారు పాడమనేవారు, పాడింది లాగమనేవారు, లాగింది మళ్ళీ పాడమనేవారు. ఒక ఆదివారం పొద్దున్న వయొలిన్ తీసి తోడి ఎత్తుకుంటే, వేలు తనంతట తాను రిషభం దగ్గర నుంచి బయల్దేరి మధ్యమాన్ని ముట్టుకుని గాంధారంలో వాలింది. ఏడేళ్ళలో రాని స్వరం. మా వయొలిన్ మాస్టారు విని, కొంచెంసేపు ఏమీ అనకుండా, మళ్ళీ వాయించమన్నారు.

ఇంకో లాభం సాహిత్యం. కమాను లాగుతూ పోతే మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టించుకోకుండా జారిపోవచ్చు, నేను జారిపోయాను కూడా. వీణలో మీటిన నాదం కొన్ని క్షణాల్లో కరిగిపోతుంది. సాహిత్యంలో అక్షరం పడ్డ చోట మీటు పడాలి. త్యాగరాజ కృతి ఒకటి వీణ మీద నేర్చుకున్నాక, అదే కృతిలో నా కమాను మాటల మధ్యలో తెగుతోందని మొదటిసారి విన్నాను.

తెలుగువాళ్ళకి ఈ రెండు వాద్యాల పొత్తు కొత్తేమీ కాదు. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ మోగింది, అదే ఊళ్ళో వాసా ఇంటిపేరు గల విద్వాంసుల వీణా మోగింది. ఎంచుకోబోయే ముందు ఒక వారం ద్వారం వారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రి గారి వీణ మార్చి మార్చి వినండి. రెండోది వింటున్నప్పుడు మీ వేళ్ళు కదులుతున్నాయో లేదో చూసుకోండి. నేను నమ్మిన పరీక్ష అదొక్కటే.

వీణ తెచ్చే ఇబ్బందులు కూడా దాచకూడదు. అది ఇంట్లో ఒక మనిషంత చోటు తీసుకుంటుంది. పొడవు నాలుగడుగుల పైమాటే. మంచం మీద పెట్టకూడదు, దారిలో పెట్టకూడదు, పిల్లలు దాటకూడదు. బాసింపట్టు వేసి కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులుంటే ముందే ఆలోచించుకోవాలి. కుర్చీలో కూర్చుని, వీణని స్టాండు మీద పెట్టి వాయించేవాళ్ళూ ఉన్నారు.

మైనం సంగతి నేను చేతులు కాలాక తెలుసుకున్నాను. వీణ ఇరవై నాలుగు మెట్లూ బొగ్గుపొడి కలిపిన మైనంలో కూర్చుని ఉంటాయి. మే నెలలో రాజమండ్రి వెళ్తూ భోజనానికి ఆగి, వీణని కారులోనే రెండు గంటలు ఉంచేశాను. ఇంటికెళ్ళి మూత తీస్తే నల్లటి మైనం మెరుస్తోంది, పై స్థాయి మెట్లు నాలుగు ఒరిగిపోయాయి. పన్నెండో మెట్టు మీద నొక్కితే పై షడ్జమం పలకాలి, ఎక్కడో నిషాదం పక్కన పలికింది. మెట్లు కట్టే ఆయన రోజంతా కూర్చున్నారు. పాత మైనం గీకి, కొత్తది కరిగించి పోసి, ఒక్కో మెట్టునీ ఆనించి, మీటి, తల వంచి విని, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటి. ఇల్లంతా మైనం వాసన. ఎండ తగలకుండా చూసుకున్నా కొన్నేళ్ళకోసారి ఈ పని తప్పదు, ఆ పని తెలిసినవాళ్ళు మీకు అందుబాటులో ఉన్నారో లేదో కొనకముందే కనుక్కోండి. లేకపోతే, అపార్ట్‌మెంట్ గోడల భయం కూడా ఉంటే, ఎలక్ట్రానిక్ వీణ చూడొచ్చు. మెట్లు కదలవు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి పదింటికి కూడా వాయించవచ్చు. చేతికి తగిలే ఆ కొయ్య కంపన మాత్రం ఉండదు.

కొనేటప్పుడు బొబ్బిలా, నూజివీడా, తంజావూరా అన్న ప్రశ్న వస్తుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దుని ఒకే ముక్కగా తొలిచి చేసే వీణలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చూస్తే వదలబుద్ధి కాదు. అయినా రెండో వాద్యంగా మొదలుపెట్టేవాళ్ళకి ఏకముక్క వీణ తప్పనిసరి కాదు. అతికిన వీణ మీద రెండేళ్ళు వాయించి, అప్పటికీ రోజూ కూర్చుంటున్నామని తేలాక దానికి వెళ్ళడం మేలు. ఎక్కడ కొన్నా ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా మీటి చూడండి. ఎక్కడా బుర్రుమనకూడదు. తీగలు బిగించే బిరడాలు తిప్పి వదిలితే వెనక్కి జారకూడదు. పన్నెండో మెట్టు మీద నాలుగు తీగలూ తమ పై స్థాయినే పలకాలి.

మొదటిది వేరే అయితే

వీణ నుంచి వయొలిన్‌కి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది, ఆరు నెలలు కమాను కోసమే పక్కన పెట్టండి అని. స్వరం ఎక్కడుందో మీ చెవికి తెలుసు, ఎడమ చెయ్యి త్వరగా వెతుక్కుంటుంది. కుడి చెయ్యి మాత్రం ఖాళీ తీగ మీద గీకుతూనే ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. గిటారు నుంచి వచ్చేవాళ్ళకి వయొలిన్‌కన్నా మాండలిన్ గానీ వీణ గానీ సుఖం. మెట్ల మీద నమ్మకం పెట్టుకున్న వేళ్ళకి ఒక్కసారిగా మెట్లు తీసేస్తే ఏడాదిపాటు దారి తెలియదు.

రెండూ నడుపుకోవడం

ఇద్దరు గురువులకీ ముందే చెప్పండి. నేను మా మాస్టారికి మూడు నెలలు దాచాను, అంత తప్పు ఇంకోటి లేదు. చెప్పాక ఆయనే రెండు క్లాసుల్లోనూ ఒకే రాగం నడిచేలా సర్దారు. దాంతో సగం బరువు తగ్గింది. మొదటి ఏడాది కొత్తదానికి రోజూ ఇరవై నిమిషాలు, పాతదానికి నలభై, ఇలా పెట్టుకున్నాను. వారంలో ఒకరోజు పాతది మాత్రమే.

ఇక వయొలిన్, వీణ రెండూ పెట్టుకునేవాళ్ళకి వరస చాలా ముఖ్యం. ముందు వయొలిన్, తర్వాతే వీణ. వీణ తీగ ఎడమ చేతి రెండు వేళ్ళ మీదా గాడి పెడుతుంది. ఆ గాడితో వెంటనే వయొలిన్ తీస్తే జారు (వేలిని తీగ మీద జార్చడం) సాఫీగా రాదు, తీగ గాడిలో ఇరుక్కుంటుంది. గోళ్ళు ఎడమ చేతికి పూర్తిగా కత్తిరించాలి, కుడి చేతి చూపుడు, మధ్య వేళ్ళకి మీటడానికి కాస్త ఉంచాలి. ఆ గోళ్ళతో కమాను పట్టు మొదట్లో కొత్తగా ఉన్నా వారంలో సర్దుకుంటుంది.

పోతే, వీణ వాయించేవాళ్ళు వేళ్ళు జారడానికి కొబ్బరినూనె రాసుకుంటారు. మా ఇంట్లో చిన్న వెండి భరిణెలో దూది ముంచి పక్కనే ఉంటుంది. ఆ నూనె చేత్తో ఒకసారి కమాను వెంట్రుకల్ని ముట్టుకున్నాను. ముట్టుకున్న చోట రోజిన్ (కమానుకి పట్టు రావడానికి రాసేది) ఎంత రాసినా పట్టలేదు, ఆ నాలుగు వేళ్ళ మేర కమాను తీగ మీద మూగగా జారిపోయేది. చివరికి వెంట్రుకలు మార్పించాల్సి వచ్చింది. ఎప్పుడైనా వరస తప్పి వీణ తర్వాత వయొలిన్ తీయాల్సి వస్తే, ముందు సబ్బుతో మోచేతి దాకా కడుక్కుని, పొడి తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడే పెట్టె తెరవండి.